సముద్రము మీద తప్పిపోయిన విమానము

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము, లూకా సువార్త 13వ అధ్యాయము మొదటి అయిదు వచనములు.



తాండూరు, వికారాబాదు ప్రాంతములలో నివసించు మనకు విమానము వింత కాదు. బీదరులోని వైమానిక దళ కేంద్రమునుండి శిక్షణ విమానములు లేచుచుండును. హైదరాబాదు దిక్కున దుండిగల్లు, హకీంపేట కేంద్రములు ఉన్నవి. కంది చేనిలో కలుపు తీయువారు ఆ మ్రోత విని ఒకసారి తల యెత్తి చూచి మరల వంగుదురు. అయితే 2019వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీ ఆదివారమున బంట్వారము మండలములోని సుల్తాన్‌పూరు పొలములలో ఒక చిన్న శిక్షణ విమానము కూలి, అందులో ఉన్న ఇద్దరు శిక్షణార్థులును మరణించిరి. అంతవరకు ఆకాశములోనిదిగా ఉండిన సంగతి ఆ దినమున మన చేల గట్టు మీదికి వచ్చెను.

ఎక్కడ విమానము కూలినను మన సంఘములలో రెండే మాటలు వినబడుచున్నవి. ఒకటి, "ఇంజను ఆగిపోయిందట." రెండవది, "వాళ్ల రాత అంతే." ఒకటి చదువుకొన్నవారి మాట, మరియొకటి చదువురానివారి మాట అని కొందరందురు గాని, మేము చూడగా రెండును ఒక్కటే పని చేయుచున్నవి. రెండును అడుగవలసిన ప్రశ్నను అక్కడికే ఆపివేయుచున్నవి. కనుక ఈ నెల పాఠములో మన తెలుగువారు కొందరు ప్రయాణము చేసిన ఒక సైనిక సరుకుల విమానమును గూర్చి ధ్యానింతము. ఇంజను చెడుట అనగా ఏమో, చెడినప్పుడు ఏమగునో, పోయినవారి ఇంటివారియెడల మన పని యేమో చూతము.

2016వ సంవత్సరము జూలై 22వ తేదీ శుక్రవారము ఉదయము సుమారు ఎనిమిదిన్నర గంటలకు చెన్నై నొద్దనున్న తాంబరము వైమానిక కేంద్రమునుండి మన వైమానిక దళపు ఆంటొనోవ్-32 విమానము ఒకటి అండమాను దీవులలోని పోర్టుబ్లెయిరుకు బయలుదేరెను. ఈ జాతి విమానములు నాటి సోవియట్ యూనియనులోని కీవు నగరమున తయారైనవి. 1984నుండి మన దళములో పనిచేయుచున్నవి. వీటిలో మెత్తని కుర్చీలుండవు. సరుకు నడుమ ఉండును, మనుష్యులు గోడల వెంబడి బల్లలమీద కూర్చుందురు. హిమాలయములలోని చిన్న మైదానములకు బియ్యమును, మందులను, జవానులను చేరవేయునవి ఇవే. మన ఊళ్లలో సంతకు పోవు డీసీఎం బండి యెట్టిదో సైన్యమునకు ఇది అట్టిదని చెప్పవచ్చును.

ఆ దినమున దానిలో 29 మంది యుండిరి. నడుపువారు ఆరుగురు, వైమానిక దళపువారు మరి పదునొకండుగురు, సైన్యపువారు ఇద్దరు, నౌకాదళపువాడు ఒకడు, తీర రక్షక దళపువాడు ఒకడు. మిగిలిన ఎనమండుగురు సిపాయిలు కారు. వారు విశాఖపట్నములోని నౌకాదళ ఆయుధాగారమున పనిచేయు ఉద్యోగులు; పని మీద దీవులకు పోవుచుండిరి. యుద్ధమునకు కాదు, రోజు పనికి పోయిరి. అన్నము డబ్బా సర్దుకొని ఫ్యాక్టరీ షిఫ్టుకు పోవు మనవారివలెనే పోయిరి.

మూడు గంటల ప్రయాణము. విమానము 23,000 అడుగుల ఎత్తున ఉండెను. తొమ్మిది గంటల పండ్రెండు నిమిషముల వేళ, చెన్నైకి తూర్పున సుమారు 280 కిలోమీటర్ల దూరమున, అది వేగముగా ఎత్తు కోల్పోవుచు రాడారునుండి మాయమయ్యెను. ఆపదలో ఉన్నామను పిలుపు ఏదియు వినబడలేదు. ఓడలు, విమానములు, ఒక జలాంతర్గామి బంగాళాఖాతమును వారముల తరబడి గాలించెను. ఒక్క చెక్కయైనను దొరకలేదు. సెప్టెంబరు 15న వెదకుట నిలిపి, ఆ 29 మందియు మరణించినట్లు భావించుచున్నామని ఇంటివారికి తెలియజేసిరి.

ఇక ఇంజను మాటకు వత్తము. ఈ విమానమునకు రెండు ఇంజనులు, ఒక్కొక్కటి సుమారు 5,000 గుర్రముల బలము గలది. ఒకటి ఆగినయెడల విమానము రాయివలె పడునని మనవారు అనుకొందురు. అది నిజము కాదు. జోడెద్దుల బండిని తలంచుకొనుడి. ఎడమ ఎద్దు కూలబడి, కుడి ఎద్దు లాగుచునే యున్నయెడల బండి ఎడమకు తిరుగును. బండివాడు పగ్గము బిగించి, దారిలో నిలుపవలెను. విమానములో ఆ పగ్గము తోకమీది చుక్కాని. దానికి బలము గాలినుండి వచ్చును గనుక, వేగమున్నంతవరకే అది పనిచేయును. వేగము ఒక మేరకు తగ్గినయెడల పైలటు ఎంత త్రొక్కినను ముక్కు ఆగదు. అందుచేత చెడిన ఇంజను రెక్కలను గాలికి అంచు చూపునట్లు త్రిప్పి, అవి అడ్డుపడకుండ చేసి, వేగమును కాపాడుకొని, మెల్లగా వెనుకకు తిరుగవలెనని పైలటులకు నేర్పుదురు. ఈ పాఠమును వారు మరల మరల అభ్యసింతురు.

ఎత్తు అనునది చేతిలోని సొమ్ము వంటిది. ఇంజనులన్నియు ఆగినను, ఎత్తున ఉన్న విమానము ఆ ఎత్తును ఖర్చు చేయుచు కొంత దూరము జారుచు పోగలదు. ఆలోచించుకొనుటకు నిమిషములు దొరకును. భయమంతయు లేచునప్పుడే. అప్పుడు ఎత్తు లేదు, వేగము లేదు, కడుపునిండ బరువు ఉండును. 2015 జూన్ 30న ఇండోనేషియా దేశపు మేడాన్ నగరములో అదే జరిగెను. సైనిక హెర్క్యులిస్ సరుకుల విమానము లేచిన వెంటనే ఇంజను చెడి, తిరిగి దిగుటకు అనుమతి అడిగి, దిగకమునుపే ఇండ్లమీద కూలెను. అందులోని 122 మందియు చనిపోయిరి. నేలమీద తమ పని తాము చేసికొనుచున్నవారు కూడ చనిపోయిరి.

కాబట్టి 23,000 అడుగుల ఎత్తున ఎగురుచుండిన విమానమును గూర్చి "ఇంజను ఆగిపోయిందట" అని తేలికగా చెప్పరాదు. ఒక ఇంజను ఆగుట మాత్రమే అట్లు ఒక్క మాటయైన లేకుండ మాయమగుటకు చాలదు. ఎవరును రుజువు చేయని కారణమును రచ్చబండ మీద రుజువు చేయుట మన అలవాటు. ఆ మాట ఎట్లో ఒకనాడు పోయినవాని భార్య చెవిని పడునని మనము తలంపము.

ఇంజను నిజముగా చెడిన చోటనైనను ఆ ఒక్క మాటతో సంగతి ముగియదు. ఇందుకు సాక్ష్యముగా మరియొక దేశపు విచారణ యున్నది. 2018 మే 2న అమెరికాలోని సవానా పట్టణమునుండి ప్యూర్టో రీకో ద్వీపపు ఎయిర్ నేషనల్ గార్డుకు చెందిన హెర్క్యులిస్ ఒకటి లేచెను. అది 50 ఏండ్లు దాటిన విమానము. అరిజోనా ఎడారిలో పాత విమానములను నిలిపియుంచు చోటికి అదే దాని చివరి ప్రయాణము. దానికి నాలుగు ఇంజనులు. ఎడమవైపు చివరి ఇంజను చెడెను. మూడు ఇంజనులు చక్కగా ఉండెను. అయినను లేచిన సుమారు రెండు నిమిషములలో అది దారిమీద పడి, తొమ్మిదిమందియు మరణించిరి.

విచారణవారు "ఇంజను చెడినది" అని వ్రాసి సంతకము చేసి లేచిపోలేదు. ఆ ఇంజను కొన్ని దినముల క్రిందటనే మరమ్మతుకు వచ్చినదని కనుగొనిరి. పరీక్షలో అది తిరుగవలసిన వేగమును అందుకొనకపోయినను, పని ముగిసినదని విమానమును అప్పగించిరి. రన్‌వే మీద పరుగెత్తునప్పుడే ఆ ఇంజను తడబడెను. ఆ గడియలో ఆగియుండవలసినది, ఆగలేదు. గాలిలోనికి లేచిన తరువాత చేయవలసిన క్రమమును పూర్తిగా చేయలేదు. చెడిన ఇంజను ఉన్న ఎడమవైపునకే విమానమును త్రిప్పి, చుక్కానిని కూడ ఆ వైపే త్రొక్కిరి. వేగము తగ్గియుండెను గనుక ఎడమ రెక్క గాలిని పట్టలేక వాలిపోయెను. కూలిన ఎద్దు వైపునకే పగ్గము లాగినట్లాయెను.

ఇది చదివి పైలటుదే తప్పని తీర్పు చెప్పుట సులభము. మేము అట్లు చెప్పము. రెండు నిమిషములలో అతడు చేసిన తప్పునకు వెనుక, అనేక దినములు తీరికగా నేలమీద జరిగిన తప్పు ఉన్నది. పాత విమానమే గదా, ఈ ఒక్క ప్రయాణమే గదా అను తలంపు మనుష్యులలో ఎంత సులభముగా పుట్టునో మనకు తెలియును. అది నివేదికలో వ్రాసినది కాదు, మా తలంపు.

ఇప్పుడు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము తీయుడి. పౌలు ఎక్కినది ప్రయాణికుల ఓడ కాదు. అలెక్సంద్రియనుండి ఇటలీకి గోధుమలు మోయు సరుకుల ఓడ. సైనికులు, ఖైదీలు, నావికులు కలిసి అందులో 276 మంది. సరుకుతోపాటు మనుష్యులు పోవుట నాడును ఉన్నదే. లూకా ఈ సంగతిని వ్రాసిన తీరు గమనింపదగినది. గాలి పేరు చెప్పెను. లంగరులు నాలుగని చెప్పెను. లోతు మొదట ఇరువది బారలు, కొంత దూరము పోయిన తరువాత పదునైదు బారలు అని చెప్పెను. ఎవరు ఏ సలహా ఇచ్చిరో, ఎవరు ఎవరి మాట వినిరో చెప్పెను. దేవుని కాపుదలను నమ్మినవాడే, ఓడ ఎందుకు పగిలెనో కొలతలతో వ్రాసెను. ఈ రెండింటికి వైరము ఉన్నట్లు ఆయనకు తోచలేదు. మనకేల తోచవలెను?

ఆ అధ్యాయములో ఓడ పగిలిన చోటు మెలితే తీరము. అయితే ఓడ పోయిన గడియ అది కాదు. చాల దినములకు ముందు, మంచిరేవులు అను స్థలమున, కాలము దాటినదని తెలిసియు, చలికాలము గడుపుటకు ఆ రేవు అనుకూలము కాదని లంగరెత్తిరే, అప్పుడే సగము పోయినది. అక్కడ ఆగుట వలన నష్టము కొంచెము. శతాధిపతి పౌలు మాటకంటె నావికుని మాటయు ఓడ యజమానుని మాటయు నమ్మెను. అది అవివేకమని మనము ఇప్పుడు అందుము గాని, వారు వృత్తి తెలిసినవారు, పౌలు ఖైదీ. ఆ స్థానములో మనమున్నను అట్లే చేసియుందుమేమో. సవానాలో ఆ రన్‌వే మీది క్షణములే మంచిరేవులు. అంతకుముందు మరమ్మతు షెడ్డు కూడ మంచిరేవులే. మన ప్రాంతములో నాపరాళ్లు నింపుకొనిన లారీ అరిగిన టైర్లతో గనినుండి బయలుదేరునప్పుడును, పెండ్లివారిని ట్రాక్టరు ట్రాలీలో నిలువబెట్టి రాత్రివేళ తీసికొనిపోవునప్పుడును, ఆగుటకు ఖర్చు తక్కువైన చోటు ఒకటి ఉండును. అది దాటినది.

ఒక భేదమును దాచరాదు. పౌలు ఓడలోని 276 మందియు ఒడ్డు చేరిరి. తాంబరమునుండి పోయిన 29 మందిలో ఒక్కరును చేరలేదు. ఈ అధ్యాయమును చూపి, విశ్వాసమున్నయెడల వారును తప్పించుకొనియుందురని ఎవరైన బోధించినయెడల, అది వాక్యమునకును విరోధము, దుఃఖించువారికిని దెబ్బ. ఇట్టి మాటలకు జవాబు లూకా 13వ అధ్యాయములో ఉన్నది. సిలోయములో గోపురము పడి పదునెనిమిదిమంది చచ్చిరి. వారు యెరూషలేములోని వారందరికంటె ఎక్కువ అపరాధులా అని ప్రభువే అడిగి, కారని తానే చెప్పెను. 2025 నవంబరు 3వ తేదీ సోమవారము ఉదయము చేవెళ్ల మండలము మీర్జాగూడ యొద్ద కంకర టిప్పరు, మన తాండూరునుండి పట్నము పోవుచున్న ఆర్టీసీ బస్సును గుద్ది 19 మంది చనిపోయినప్పుడు, ఆ బస్సు ఎక్కని వారు "మా పుణ్యము" అనిరి. ప్రాణము దక్కినవాడు కృతజ్ఞత చెప్పుకొనవచ్చును. అయితే ఎక్కినవారి ఇంటి గుమ్మము ముందర ఆ మాట అనవచ్చునా?

విశాఖపట్నములోని ఆ ఎనిమిది ఇండ్ల సంగతికి తిరిగి వత్తము. శవము లేని దుఃఖము వేరు. మట్టిచేసినయెడల ఏడ్చుటకు ఒక చోటైన ఉండును. దేహము కనబడనప్పుడు, ఏదో దీవిలో ఉన్నాడేమో, ఏ పడవవారైన ఎక్కించుకొనిరేమో అని తల్లి మనస్సు తలుపు తీసియే యుంచును. బొట్టు తీయవలెనా, పండుగ చేసికొనవలెనా, ఆరాధనలో ఆ పేరు బ్రదికియున్నవారి ప్రార్థనలో చెప్పవలెనా, చనిపోయినవారి జ్ఞాపకములో చెప్పవలెనా, ఏదియు తెలియదు. అట్టి ఇంటికి పోయినప్పుడు "ఇక ఆశ వదలుకోమ్మా" అని తొందరపెట్టుట మన పని కాదు. "తప్పక వచ్చును" అని చెప్పుటయు మన పని కాదు. కూర్చుండుడి. బియ్యమున్నవో లేవో చూడుడి. పిల్లల బడి రుసుము అడిగి తెలిసికొనుడి.

కాగితముల సంగతి కూడ పరిచర్యయే. మన పల్లెలలో పట్నము పోయి, గల్ఫు పోయి, మరల జాడ తెలియని మనుష్యులు గల ఇండ్లు ఉన్నవి గనుక దీనిని కొంచెము వివరించుచున్నాము. ఒక మనిషిని గూర్చి సహజముగా వినవలసినవారు ఏడు సంవత్సరములు ఏ వార్తయు వినకపోయినయెడల, అతడు బ్రదికియున్నాడని వాదించువాడే దానిని రుజువు చేయవలెనని చట్టము చెప్పుచున్నది. ఇది 1872 సాక్ష్య చట్టములో 108వ సెక్షనుగా ఉండెను. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియములో 111వ సెక్షనుగా ఉన్నది. భూమి పట్టా, బ్యాంకు సొమ్ము, భీమా వంటివాటికి ఇది ఆధారము. కేంద్ర ప్రభుత్వోద్యోగి తప్పిపోయినయెడల, పోలీసు ఫిర్యాదు నమోదైన ఆరు నెలల తరువాత కుటుంబ పింఛను కోరుటకు వీలున్నది. తప్పిపోయిన వెంటనే పోలీసులకు వ్రాతమూలముగా ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు భద్రపరచుకొనుట వీటన్నింటికి మొదటి మెట్టు. సిగ్గుపడి ఫిర్యాదు ఇయ్యనివారు సంవత్సరములు పోగొట్టుకొందురు. సంఘములో అక్షరము తెలిసిన యౌవనస్థులు విధవరాండ్రతో కూడ తాలూకా కచేరీకి ఒకసారి పోయినయెడల, అది నాలుగు ప్రసంగములకంటె మేలు. తాంబరపు విమానము విషయమున ఏడేండ్లు ఆగనక్కరలేకపోయెను. ప్రభుత్వమే రెండు నెలలలోపల మరణమును భావించి ప్రకటించినది. కాగితము వచ్చెను. మనిషి యెక్కడ ఉన్నాడో అను ప్రశ్న మాత్రము అట్లే నిలిచెను.

నీటిలో పడిన విమానమును కనుగొనుట ఎందుకంత కష్టమని మీరు అడుగవచ్చును. ఆపదలో రేడియో సంకేతము పంపు పెట్టె లోతు నీటిలో మూగదగును. రేడియో అలలు సముద్రపు నీటిని దాటి రాలేవు. నీటిలో టిక్కుటిక్కుమని శబ్దము చేయు మరియొక పరికరము ఉన్నది. అది ముప్పది దినములో, క్రొత్తవైతే తొంబది దినములో పలుకును. ఆ విమానమునకు అది లేదని వార్తలలో వచ్చెను. లక్షల రూపాయల సరుకు మోయు విమానమునకు ఒక చిన్న పరికరము అమర్చియుండినయెడల, ఆ ఇండ్లవారి ఎదురుచూపు ఏడేండ్లనుండి కొన్ని వారములకు తగ్గియుండెడిదేమో. ఇది కూడ ఒక మంచిరేవులే.

చివరకు చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు మనిషి లేకుండ తానే మునిగి తిరుగు యంత్రమును ఆ నీళ్లలోనికి పంపిరి. అది శబ్దపు అలలతో అడుగును తడివి చూచి, ఛాయాచిత్రములు తీసెను. చెన్నై తీరమునకు సుమారు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున, కూలిన విమానపు ముక్కలు కనబడెను. ఆ చిత్రములు ఆంటొనోవ్-32 విమానముతో సరిపోలినవనియు, ఆ చోట మరి యే విమానమును తప్పిపోయిన చరిత్ర లేదు గనుక ఇవి దానివే కావచ్చుననియు 2024 జనవరి 12న రక్షణ శాఖ ప్రకటించెను. ఏడున్నర సంవత్సరములు గడచెను. ఎందుకు కూలెనో ఆ ప్రకటన చెప్పలేదు. ఎక్కడ అన్న ప్రశ్నకు మాత్రము జవాబు దొరకెను. దాని విలువ తక్కువని మేము అనుకొనము.

ఇంతకంటె ఎక్కువ కాలము ఎదురుచూచిన ఇండ్లు ఉన్నవి. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్‌నుండి లేహ్ పట్టణమునకు 102 మందితో పోయిన వైమానిక దళపు ఆంటొనోవ్-12 విమానము, వాతావరణము బాగులేక వెనుకకు తిరిగి, రోహతాంగ్ కనుమ ప్రాంతమున మంచులో మాయమయ్యెను. 2003లో కొండలెక్కువారికి దాని శకలములు కనబడెను. అప్పటినుండి సైన్యము వెదకుట మానలేదు. 2024 సెప్టెంబరు చివర మరి నాలుగు దేహములు మంచులో దొరకెను. వారిలో ఒకడు కేరళ రాష్ట్రపు యువకుడు. పోయిన దినమున అతని వయస్సు 22 ఏండ్లు. తలిదండ్రులు ఎన్నడో గతించిరి. అక్టోబరు నెలలో దేహమును స్వగ్రామమునకు తెచ్చి, సైనిక గౌరవముతో ఊరి చర్చిలో సమాధి చేసిరి. ముసలివారైన తోబుట్టువులు, అతనిని ఎన్నడును చూడని వారి పిల్లలు, ఆ పెట్టె వెంట నడచిరి.